ఊరకుక్కకు ఇంటి నంబరు: సింగపూర్ యాత్ర

తెలుగు పల్లెలో కుక్కకు ఊరు ఉంటుంది గాని ఇంటి నంబరు ఉండదు. ఒక వాకిట్లో పొద్దుటి చద్దన్నం, మరొక వాకిట్లో రాత్రి మిగిలిన మెతుకులు తిని, ఎవరి అరుగు కిందనో పడుకొని, వీధికంతటికీ కాపలా కాసే ఆ జంతువును 'ఊరకుక్క' అనడంలో తిరస్కారం ఎంత ఉందో, అది ఊరుమ్మడి జీవమన్న అంగీకారమూ అంతే ఉంది. సుమారు 735 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఒకే నగరం, ఒకే దేశం అయిన సింగపూర్‌లో కుక్క స్థితి ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అక్కడ దానికి ముందుగా ఉండవలసింది యజమాని పేరు, ఇంటి నంబరు, చర్మం కింద ఒక సంఖ్య. హైదరాబాద్ నుంచి బయలుదేరి, పరాయి నగరంలో కాపురం పెట్టిన తెలుగువారి పెంపుడు కుక్క ఏ దారిన పోతుందో అదే దారిన సాగే యాత్రికుడికి, ఆ నగరం పర్యాటక చిత్రాల్లో కనిపించని కోణం నుంచి అర్థమవుతుంది.

ఈ ప్రయాణం విమానాశ్రయంలో గాక పశువైద్యుడి గదిలో మొదలవుతుంది. సింగపూర్ 1953 నుంచి రేబిస్, అంటే పిచ్చికుక్క కాటు వల్ల సంక్రమించే ప్రాణాంతక వ్యాధి, లేని దేశంగా నిలిచి ఉంది కాబట్టి, ఆ వ్యాధి ఇంకా ఉన్న భారతదేశం వంటి చోట్ల నుంచి వచ్చే ప్రతి కుక్కనూ అది అనుమానంతోనే చూస్తుంది. ముందుగా బియ్యపుగింజంత ఉండే మైక్రోచిప్‌ను కుక్క మెడ దగ్గర చర్మం కింద అమర్చాలి. ఆ తర్వాత రేబిస్ టీకా వేయించి, ఆ టీకా పనిచేసిందో లేదో తేల్చడానికి రక్తం తీసి ప్రయోగశాలకు పంపాలి. వ్యాధిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నాయని తేలాక, దిగుమతి అనుమతి, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉన్న భారత ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవ ఇచ్చే ఆరోగ్య పత్రం సమకూర్చుకోవాలి. చాంగీ విమానాశ్రయంలో దిగిన తర్వాత యజమాని ఇంటికి పోతాడు గాని కుక్క కనీసం 30 రోజులు ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో గడపాలి. మనిషికి నాలుగున్నర గంటల్లో ముగిసే ప్రయాణం దానికి నెలల తరబడి సాగే యాత్ర అవుతుంది.

కుక్కల వ్యవహారాలు ఈ దేశంలో ఉద్యానవనాల మండలి చేతిలో ఉండటం యాత్రికుడికి మొదట వింతగా తోస్తుంది. 2019 ఏప్రిల్ 1న ఆ మండలి కింద ఏర్పడిన జంతు, పశువైద్య సేవ మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ లైసెన్సు ఇస్తుంది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన కుక్కకు లైసెన్సు రుసుము తక్కువ, చేయించని దానికి అనేక రెట్లు ఎక్కువ. యజమానికి ఉపదేశం చేయడానికి బదులు రుసుములోనే ప్రోత్సాహాన్ని దాచిపెట్టడం ఆ పాలనకు అలవాటైన పద్ధతి. పిట్‌బుల్, తోసా, అకీటా వంటి జాతులను ప్రత్యేక జాబితాలో చేర్చి, బయటికి తెచ్చేటప్పుడు వాటి మూతికి చిక్కం, మెడకు గొలుసు తప్పనిసరి చేయడంతో పాటు, బీమా కూడా చేయించాలని చట్టం చెబుతుంది. నాగలికి కట్టిన ఎద్దు పైరు మేయకుండా మూతికి చిక్కం కట్టడం తెలుగు రైతుకు తెలిసిన పనే అయినా, ఇక్కడ ఆ చిక్కం కాపాడేది పైరును కాదు, పక్కింటివారి ధైర్యాన్ని.

పక్కింటివారు అనే మాటకు సింగపూర్‌లో ఉన్న బరువు తెలియాలంటే అక్కడి గృహవ్యవస్థను చూడాలి. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ, అభివృద్ధి మండలి (ప్రజల నోట 'హెచ్‌డీబీ') కట్టిన అంతస్తుల భవనాల్లోనే దేశ నివాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిది మంది కాపురముంటారు. ఆ భవనాల అడుగు అంతస్తును గోడలు లేకుండా స్తంభాల మీద ఖాళీగా వదిలేస్తారు. 'వాయిడ్ డెక్' అని పిలిచే ఆ జాగాలో పెళ్లి విందులు, అంత్యక్రియల పరామర్శలు, వృద్ధుల చదరంగాలు జరుగుతాయి కనుక, అది తెలుగు ఊరి రచ్చబండకు పట్టణ రూపం అనవచ్చు. అలాంటి భవనంలో ఒక ఫ్లాటుకు ఒకే కుక్కను అనుమతిస్తారు. అదీ పూడుల్, పొమేరియన్, షిట్జూ, చివావా, పగ్, మాల్టీస్ వంటి 62 చిన్న జాతుల జాబితాలో ఉన్నదై ఉండాలి. నిబంధన మీరితే 4,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో మధ్యతరగతి వారు మురిపెంగా పెంచుకొనే లాబ్రడార్ ఆ జాబితాలో లేదు. దానిని వెంట తెచ్చుకోదలచిన కుటుంబం మూడు కుక్కల వరకు అనుమతి ఉన్న ప్రైవేటు ఇంటినో, కండోమినియంనో అద్దెకు వెతుక్కోవాలి, ఆపైన ఇంటి యజమాని సమ్మతీ సంపాదించాలి. దశాబ్దాలుగా ఈ ఫ్లాట్లలో నిషిద్ధమైన పిల్లికి కూడా 2024 సెప్టెంబరు 1 నుంచి, ఇంటికి రెండు చొప్పున, ప్రవేశం దొరికింది.

అంకెలన్నీ పూర్తయ్యాక మిగిలేది లిఫ్టు. ఒక్కొక్క భవనంలో, ఒక్కొక్క పేటలో చైనీయులు, మలయ్‌లు, భారతీయులు నిర్ణీత నిష్పత్తుల్లో కలిసి ఉండేలా 1989 నుంచి ఒక విధానం అమలవుతోంది. అందువల్ల ఒకే లిఫ్టులో మూడు జాతుల ఆచారాలు నిత్యం ఎదురుపడుతుంటాయి. మలయ్‌లలో అత్యధికులు షాఫీ ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని పాటించే ముస్లింలు. ఆ సంప్రదాయంలో కుక్క లాలాజలం మైల కిందికి వస్తుంది. అది సోకితే ఏడుసార్లు నీటితో, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడుక్కోవాలి. ఈ శుద్ధి విధినే అక్కడివారు 'సెర్తు' అంటారు. ఇందులో కుక్క మీద ద్వేషం లేదు, నమాజుకు ముందు ఉండవలసిన శుచి గురించిన పట్టింపు ఉంది. మడి కట్టుకున్న అమ్మమ్మ వంటింటి గడప దగ్గర పిల్లలను నిలువరించడం చూసిన తెలుగువారికి ఈ తేడా విడమరిచి చెప్పనవసరం లేదు. కుక్కతో నిలబడిన మనిషి, లిఫ్టులో తలకు ముసుగు ధరించిన స్త్రీ కనిపిస్తే, 'మీరు వెళ్లండి' అన్నట్టు చేయి ఊపి తర్వాతి లిఫ్టు కోసం ఆగడం, లేదా గొలుసును చేతికి చుట్టుకొని కుక్కను మూలకు, తన కాళ్ల వెనక్కు తిప్పుకోవడం మర్యాద అనిపించుకుంటుంది. ఏ జాబితాలోనూ లేని ఈ క్షణమాత్రపు నిరీక్షణ మీదే 62 జాతుల జాబితా నిలబడి ఉంది.

భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ ఉత్తరాన ఉన్న ఈ నగరంలో పగటిపూట కాలిబాట కాగుతుంది కాబట్టి, కుక్కల షికారు ఉదయం ఏడింటికి, మళ్లీ పొద్దుగూకిన తర్వాత సాగుతుంది. బిషాన్-ఆంగ్ మో కియో పార్కులో ఆ వేళ నడిస్తే నగరం కుక్కకు కేటాయించిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు కాంక్రీటు కాలువలో బందీగా ఉన్న కల్లాంగ్ నదిని ఈ పార్కులో 2012 నాటికి రాళ్లు, గడ్డి, వంపులు ఉన్న సహజ ప్రవాహంగా మార్చారు. ఆ తర్వాత నీటికుక్కలు (నీటిలో వేటాడే ముంగిస వంటి జంతువులు) అక్కడ కాపురం పెట్టాయి. పేరులో మాత్రమే కుక్క అయిన ఆ అడవి జీవి నదిలో స్వేచ్ఛగా ఈదుతుండగా, అసలు కుక్క గట్టు మీద గొలుసుతో నడుస్తుంది. గొలుసు విప్పడానికి పార్కులోనే కంచె వేసిన ప్రత్యేక మైదానం ఉంది. యజమానుల చేతుల్లో వేలాడే చిన్న సంచి మలం ఎత్తివేయడానికి, నీళ్ల సీసా మూత్రం పడిన చోట కడగడానికి. హైదరాబాద్ కొండాపూర్‌లో నగరపాలక సంస్థ 2018లో కుక్కల కోసం పార్కు తెరిచింది గనుక ఆ మైదానం తెలుగు యాత్రికుడికి మరీ కొత్త కాదు; కొత్తగా తోచేది ఆ నీళ్ల సీసా.

పార్కు దాటితే కుక్కకు నగరం ఇరుకవుతుంది. మెట్రో రైళ్లలో, బస్సుల్లో, జనం బారులు తీరి భోజనం చేసే హాకర్ కేంద్రాల్లో అంధులకు దారి చూపే శిక్షిత శునకాలకు తప్ప మిగిలినవాటికి ప్రవేశం లేదు. అందుచేత పశువైద్యుడి దగ్గరికి వెళ్లడానికి కూడా పెంపుడు జంతువులను ఎక్కించుకొనే టాక్సీని పిలవాలి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల చుట్టుపక్కల మల్లెపూలు, కరివేపాకు, గోంగూర కొనడానికి వచ్చే తెలుగు కుటుంబం కుక్కను ఇంట్లోనే వదిలి రావలసి ఉంటుంది.

ఈ కుటుంబాలకు నిబంధనల కన్నా కఠినమైన లెక్క మరొకటి ఉంది. విదేశీ ఉద్యోగికి ఇచ్చే పని అనుమతి రెండు మూడేళ్లకోసారి పొడిగింపుకు వస్తుంది. కుక్క పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. బడి నుంచి వచ్చి ఒంటరిగా ఉండే పిల్లవాడి తోడు కోసం తెచ్చిన కూన, ఆ పిల్లవాడు కాలేజీకి వెళ్లేనాటికి ముసలిదవుతుంది. మధ్యలో తండ్రి ఉద్యోగం మరొక దేశానికి మారితే టీకాలు, రక్తపరీక్షలు, అనుమతుల వరస మొదటికి వస్తుంది. స్వదేశానికి తిరిగి తేవాలన్నా భారత క్వారంటైన్ సేవ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అందుకే ప్రవాసంలో కుక్కను తెచ్చుకోవడమంటే, తన రేపటి చిరునామా తనకే తెలియని మనిషి మరొక ప్రాణికి చిరునామా హామీ ఇవ్వడం.

యాత్ర చివరి మజిలీ నగరం అంచున, పారిశ్రామిక వాడల్లో, చెట్లు దట్టమైన ఖాళీ స్థలాల్లో ఉంది. గోధుమ రంగు, నిక్కిన చెవులు, సన్నని నడుము గల వీధికుక్కలు అక్కడ కనిపిస్తాయి. స్థానికులు వాటిని 'సింగపూర్ స్పెషల్' అంటారు. జాతి తెలియని కుక్కకు పెట్టిన ఆ పేరులో ఎకసెక్కెమూ ముద్దూ కలిసి ఉన్నాయి. 2018 నవంబరులో ప్రభుత్వం వీటిని పట్టి, శస్త్రచికిత్స చేయించి, తగిన ఇల్లు దొరికితే అక్కడికి, దొరకనివాటిని తిరిగి తగిన చోటికి పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. భారతదేశంలో 2001లో మొదటిసారి వచ్చి 2023లో కొత్త రూపు పొందిన జంతు జనన నియంత్రణ నిబంధనల ఉద్దేశమూ దీనికి దగ్గరిదే. చిన్న జాతుల జాబితాలో ఇమడని ఈ దేశవాళీ కుక్కలను ఫ్లాట్లలో పెంచుకోవడానికి 'అడోర్' అనే దత్తత పథకం వేరే దారి తెరిచింది. మొదట 50 సెంటీమీటర్ల ఎత్తు, 15 కిలోల బరువు దాటకూడదన్న నియమాన్ని 2020లో సడలించి, బరువు పరిమితిని తీసివేసి, భుజం దగ్గర ఎత్తును 55 సెంటీమీటర్లకు పెంచారు. శస్త్రచికిత్స, చిప్, లైసెన్సు, విధేయతా శిక్షణ మాత్రం తప్పవు.

ఆ ఐదు సెంటీమీటర్ల సడలింపులో ఒక ఊరకుక్క ఇంటిదైంది. నిన్నటిదాకా అది ఏ గిడ్డంగి నీడన పడుకొన్నా అడిగేవారు లేరు, ఆకలితో ఉన్నా అడిగేవారు లేరు. నేడు దానికి గడప, గిన్నె, సంఖ్య ఉన్నాయి, తిరుగుడు మాత్రం గొలుసు పొడవంత. ఈ మార్పిడిలో కుక్క ఏం పోగొట్టుకుందో, ఏం పొందిందో తూచగల త్రాసు యాత్రికుడి దగ్గర లేదు. సాయంత్రం భవనం అడుగున అది యజమాని పక్కన కూర్చొని ఉంటుంది. లిఫ్టు తలుపు తెరుచుకొని, లోపల మనుషులున్నారని చూసి యజమాని అడుగు వెనక్కి వేస్తే, శిక్షణ పొందిన ఆ సింగపూర్ స్పెషల్ కూడా లేవకుండా, తర్వాతి లిఫ్టు కోసం కాచుకొని ఉంటుంది.