కార్పెట్ కింద కిర్రు

అమెరికా ఇళ్ల గురించి మనవాళ్లు చెప్పే కబుర్లలో పెద్ద పెరడు ఉంటుంది, రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉంటుంది. నేల అరుస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు.

మాది అయిజ. ఇంట్లో నాపరాళ్ల నేల. దానిమీద రోకలి పడినా నేల కదలదు. ఇప్పుడు మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఒక పాత అద్దె ఇంట్లో. మేడ మీద బెడ్‌రూముల ముందు నడిస్తే చాలు, కార్పెట్ కింద నుంచి ‘కిర్ర్’మంటుంది. నాకూ నా భార్యకూ అది అలవాటైపోయింది.

పోయిన చలికాలం, మా పాపకు మూడో నెలలో, అమ్మ వచ్చింది. వారం తిరక్కముందే గమనించాను. సాయంత్రం ఆరు దాటితే అమ్మ నీళ్లు ముట్టట్లేదు.

“రాత్రి బాత్రూంకు లేస్తే నేల అరుస్తది నాయినా. పాప లేస్తది. కోడలు మల్ల తెల్లారి డ్యూటీకి పోవాల గదా” అంది.

బీపీ మాత్రలు వేసుకునే మనిషి. వదులైన నాలుగు మేకుల వల్ల కొడుకింట్లో దాహం ఆపుకుంటోంది.

మా పాత మట్టిమిద్దెలో దూలాలు నెత్తిమీద ఉండేవి. ఇక్కడ కాళ్ల కింద కూడా ఉంటాయి. సాధారణంగా 16 అంగుళాలకొక చెక్క దూలం, వాటిమీద ప్లైవుడ్, దానిమీద మెత్తటి ప్యాడ్, ఆపైన కార్పెట్. చలికాలంలో హీటర్ నడిచి గాలి పొడిబారితే చెక్క కుంచించుకుపోతుంది, మేకు వదులవుతుంది. కాలు పెట్టగానే ప్లైవుడ్ కిందికి దిగి మేకును రాసుకుంటుంది. ఆ రాపిడే కిర్రు. జపాన్‌లోని క్యోటోలో నిజో కోట నేల పిట్టలా కూస్తుందని టూరిస్టులు చూడ్డానికి వెళ్తారు. అక్కడా కూసేది మేకుల రాపిడే!

దీనికి కార్పెట్ పీకక్కర్లేదు. ఓనర్‌ను అడిగి, ఈ పని కోసమే దొరికే స్క్రూల కిట్ తెచ్చాను. స్క్రూకు ముందే ఒక గాటు ఉంటుంది. కార్పెట్ మీద మూడు కాళ్ల స్టాండు పెట్టి, ప్లైవుడ్ మీదుగా దూలంలోకి బిగించాలి. సరైన లోతు రాగానే స్టాండు ఆపేస్తుంది. తల పట్టుకుని అటూ ఇటూ ఊపితే గాటు దగ్గర విరిగి, మిగతాది లోపలే ఉండిపోతుంది. మేకు నున్నగా ఉండి జారుతుంది. స్క్రూ మరలు చెక్కను వదలవు.

కష్టమల్లా దూలం దొరకడమే. నేలను తట్టి వినాలి. గుల్లగా మోగితే ఖాళీ, గట్టిగా మోగితే దూలం. ఒకటి దొరికితే మిగతావి కొలుచుకోవచ్చు. ముడుల కార్పెట్ అయితే మాత్రం జాగ్రత్త, స్క్రూకు దారం చుట్టుకుని లాగేస్తుంది.

టేపు పట్టుకుని నేను వెతుకుతుంటే అమ్మ వచ్చింది. “ఇగో ఈడ. ఆడొకటి. గోడ పక్కన ఇంకోటి.” తొమ్మిది చోట్లు చూపించింది. నాకు తెలిసినవి నాలుగే.

“నీకెట్ల తెలుసమ్మా?”

“దినాం రాత్రి వాటిని దాటుకుంటనే గదా పోయేది.”

శనివారం మధ్యాహ్నం రెండు గంటల పని. ఎనిమిది ఆగాయి. బాత్రూం గుమ్మం దగ్గరిది వదిలేశాను, కింద పైపు ఉంటే స్క్రూ దిగుతుందని.

“ఒక్కటే గదా, ఆడ కాలు పెట్టన్లే” అంది అమ్మ.

ఆ రాత్రి మంచం పక్కన నీళ్ల బాటిల్ పెట్టుకుని పడుకుంది.