ఎనిమిది లోకాలు, రెండు జాబితాలు

ఈ పత్రికలో నా పేరు చూడగానే ఇంటి రుణాల వడ్డీ గురించో, నామినేషన్‌కూ వీలునామాకూ ఉన్న తేడా గురించో రాశాననుకుని మీరు పేజీ తిప్పేసే ప్రమాదం ఉంది. రాయమన్నప్పుడల్లా అవే రాశాను మరి. ఈసారి మాత్రం ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. 56 ఏళ్ళ వయసులో ఇదేం బుద్ధని మా ఆవిడ ఇప్పటికే అడిగేసింది కాబట్టి మీరు మళ్ళీ అడగనక్కర్లేదు.

ఆట పేరు సూపర్ మారియో బ్రదర్స్ 3. జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీ 1988లో విడుదల చేసింది. ఎర్రటోపీ, గుబురు మీసం ఉన్న మారియో అనే ప్లంబరు పరుగెత్తుతూ, గెంతుతూ, అడ్డొచ్చిన తాబేళ్ళ నెత్తిన కాలు మోపుతూ ముందుకు పోవాలి. మన పెద్దలు పద్నాలుగు లోకాలు చెప్పారు గాని, ఇందులో ఎనిమిదే. మొదటి ఏడింటిలోనూ ఒక్కో రాజుంటాడు. బౌజర్ అనే కొమ్ముల తాబేలు అనుచరులు ఆ రాజుల మంత్రదండాలు ఎత్తుకుపోయి, వాళ్ళను జంతువులుగా మార్చేశారు. మనం ఎగిరే ఓడ ఎక్కి దండం లాక్కొస్తే రాజు మళ్ళీ మనిషవుతాడు, మనకు తర్వాతి లోకానికి దారి దొరుకుతుంది. ఎనిమిదో లోకంలో బౌజరే ఎదురవుతాడు. నూరు నాణేలు పోగైతే ఒక ప్రాణం అదనంగా ఇస్తారు. ఇంత ఉదారమైన డిపాజిట్ పథకం నా సర్వీసులో చూడలేదు.

ఆట మొదలయ్యేటప్పుడు తెర లేస్తుంది. నిజంగానే నాటకాల తెర. దిమ్మల నీడలు వెనక గోడమీద పడుతుంటాయి, కొన్ని దిమ్మలు మరమేకులు బిగించి నిలబెట్టినట్టు కనిపిస్తాయి. ఇదంతా రంగస్థలం మీద జరుగుతున్నట్టేనని ఆటను రూపొందించిన షిగెరు మియమొటో 2015లో స్వయంగా ఒప్పుకున్నాడు. సురభి వారి నాటకాలు చూసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. ఒక తెర మారితే అడవి, ఇంకో తెర మారితే అంతఃపురం.

మాది తరతరాలుగా బరంపురం. ఉద్యోగం మాత్రం ఒడిశా అంతా తిప్పింది. 2004లో టిట్లాగఢ్‌లో ఉండగా మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఆ ఊరి ఎండ సంగతి ఒడిశాలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. బయటికి పంపలేక, ఇంట్లో ఊరుకోబెట్టలేక, బజార్లో ఒక టీవీ గేమ్ కొనిచ్చాను. అసలు కంపెనీది కాదు, దాన్ని చూసి చేసిన నకలు. దాంతోపాటు ఇచ్చిన పసుప్పచ్చ క్యాసెట్టులో ఈ మారియో ఉన్నాడు. నేను మారియో, తను అతని తమ్ముడు లుయీజీ. వంతులవారీగా ఆడేవాళ్ళం. ఆ క్యాసెట్టులో ఆటను దాచుకునే వీలు లేదు. కరెంటు పోయిందా, మళ్ళీ మొదటి లోకం నుంచి రావలసిందే.

నిరుడు దసరాకు మా అమ్మాయి పూణే నుంచి వస్తూ నింటెండో స్విచ్ అనే యంత్రం తెచ్చింది. అందులో ఇదే ఆట ఉంది. పైగా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, దాచుకుని, మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. నాలుగు రాత్రులు కూర్చుని ఎనిమిది లోకాలూ పూర్తిచేశాం. అయ్యాక తనే అంది, "నాన్నా, నీ ర్యాంకులు నువ్వు రాయి, నావి నేను రాస్తాను. కాపీ కొట్టకూడదు." ర్యాంకులివ్వడం నాకు కొత్తా? ఎన్ని కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు రాశాను!

మొదటి ర్యాంకు ఆకాశ లోకానికిచ్చాను. అయిదో లోకం అది. పేరు ఆకాశమే గాని నేలమీదే మొదలవుతుంది. కొంతదూరం పోయాక ఒక గోపురం వస్తుంది. దాన్ని ఎక్కి పైకి తేలితే మేఘాలు. ఇందాక నడిచిన నేల కిందెక్కడో ఉండిపోతుంది. పైకెక్కిన అనుభూతి ఇంత చక్కగా ఇంకే లోకమూ ఇవ్వదు. ఇందులో మూడో అంకంలో ఒక పచ్చబూటు దొరుకుతుంది. మారియో అందులోకి దూకి, ముళ్ళమీద కూడా టకటకా గెంతుకుంటూ పోవచ్చు. అంత గొప్ప వాహనం ఆటంతటిలో ఆ ఒక్క అంకంలోనే. గడప దాటగానే బూటు పోతుంది. బ్రాంచి మారగానే ఆఫీసు జీపు పోయినట్టు.

రెండోది నాలుగో లోకం. ఇక్కడ తాబేళ్ళూ, దిమ్మలూ, గొట్టాలూ అన్నీ మామూలుకంటే భారీగా ఉంటాయి. ఒక తలుపు తీసి వెళితే శత్రువులు పెద్దవాళ్ళు, ఇంకో తలుపు తీసి వస్తే అదే చోట చిన్నవాళ్ళు అయ్యే అంకం కూడా ఉంది. ఇది కల్పించినవాడికి ఒక నమస్కారం. మూడోది మొదటి లోకమైన పచ్చిక లోకం. సులువు, ముచ్చట, కొత్తవాళ్ళను భయపెట్టదు. నాలుగోది చీకటి లోకం. యుద్ధ ట్యాంకులు, ఓడలు, నేలలోంచి వచ్చి కాళ్ళు పట్టి లాగే చేతులు. బాగుందనలేను గాని చివరిది అలాగే ఉండాలి. ఎడారి లోకంలో సూర్యుడికి కోపం వస్తుంది. ఆకాశంలో ఊరుకోక మనమీదికి దూకుతాడు. టిట్లాగఢ్‌లో మే నెల గడిపినవాణ్ణి, నాకు అదేమీ అతిశయోక్తి అనిపించలేదు. అయిదు. గొట్టాల లోకం ఆరు. ఒక గొట్టంలో దూరితే ఎక్కడ తేలతామో తెలియదు, హెడ్డాఫీసుకు పంపిన ఫైలులాగా. నీటి లోకం ఏడు. అందులో ఒక పెద్ద చేప ఉంది, నీళ్ళలోంచి ఎగిరి మారియోను అమాంతం మింగేస్తుంది. ఎన్ని నాణేలు కూడబెట్టి ఏం లాభం! ఇక మంచు లోకం ఆఖరు. అది మరీ పొడుగు. పది అంకాలు, మూడు కోటలు, నేలంతా జారుడు. ఈ వయసులో బాత్రూములో జారితేనే కష్టం.

నా కాగితం చదివి మా అమ్మాయి నవ్వింది. తర్వాత తన కాగితం ఇచ్చింది.

మధ్యవన్నీ కాస్త అటూ ఇటుగా నావే. కాని మొదటి ర్యాంకు నీటి లోకానికి, ఆఖరు ర్యాంకు పచ్చిక లోకానికి. పసిపిల్లలు సైతం ఇష్టపడే పచ్చిక లోకం ఆఖరేమిటని అడిగాను. బడిలో లెక్క తప్పు చేసినప్పుడు అడిగినట్టే అడిగి ఉంటాను.

"అది మొదటి లోకం కదా నాన్నా. ఎప్పుడు మొదలుపెట్టినా అదే. రాయగడలో ఒక బడి, టిట్లాగఢ్‌లో ఒకటి, సంబల్‌పూర్‌లో ఒకటి, రూర్కెలాలో ఒకటి. ప్రతిచోటా మళ్ళీ నిలబడి పేరు చెప్పడం. నేను బరంపురం ఒడియా మాట్లాడితే టిట్లాగఢ్‌లో క్లాసంతా నవ్వేవారు. మూడు నెలలు కష్టపడి వాళ్ళ యాస నేర్చుకున్నాను. నేర్చుకున్నాక మనం వెళ్ళిపోయాం."

ఈ సంగతి నాకు అప్పుడు చెప్పలేదే అన్నాను. చెప్పిందట. నేను పేపరు చదువుతున్నానట.

నీటి లోకం సంగతి అడగక్కర్లేకపోయింది. అది నాకూ గుర్తుంది. ఆ లోకపు పటంలో చివర కోట ఉన్న దీవి అచ్చం జపాన్ ఆకారంలో ఉంటుంది. ఒకచోట దారికి అడ్డంగా ఒక బండ ఉంటుంది. సుత్తి సంపాదించి ఆ బండ పగలగొడితే చిన్న పడవ దొరుకుతుంది. పడవెక్కితే చిన్నచిన్న దీవులు చుట్టి రావచ్చు. అక్కడ బహుమతుల పెట్టెలున్న ఇళ్ళు తప్ప శత్రువు ఒక్కడూ ఉండడు. మా అమ్మాయి తన వంతు రాగానే పడవెక్కి తిరుగుతూ ఉండేది. "ముందుకు వెళ్ళవే అమ్మలూ, ఇక్కడ ఏముంది?" అని నేను తొందరపెట్టేవాణ్ణి.

ఈ ఆటలో ఒక లోకం దాటాక వెనక్కి రావడానికి లేదు. ముందుకు ఎగరడానికి మాత్రం ఒక అడ్డదారి ఉంది. మంత్రపు ఈల. ఆటంతటిలో మూడున్నాయి. పచ్చిక లోకం మూడో అంకంలో ఒక తెల్లదిమ్మ మీద కాసేపు గొంతుక్కూర్చుంటే మారియో రంగస్థలం తెర వెనక్కి జారిపోతాడు. అలాగే చివరిదాకా పరుగెత్తితే ఈల దొరుకుతుంది. మా బ్రాంచిలో క్యాషియరుగారి అబ్బాయి నాకు ఈ రహస్యం చెప్పాడు. 2004 డిసెంబరులో ఒక సాయంత్రం దాన్ని సంపాదించి, మా అమ్మాయికి చెప్పకుండా దాచుకున్నాను. నీటి లోకానికి వచ్చాం. తను పడవలో తిరిగి, ఒక అంకంలో ఓడింది. నా వంతు. ఈల ఊదాను. సుడిగాలి వచ్చింది. అయిదు, ఆరు, ఏడు అని మూడు గొట్టాలు కనిపించాయి. ఏడులో దూకాను. ఊదింది నేనే అయినా పటం ఇద్దరికీ ఒకటే కదా, తనూ ఏడో లోకంలో తేలింది.

నేను మెచ్చుకుంటుందని తనవైపు చూశాను. "అక్కడ ఇంకా రెండు దీవులు చూడలేదు నాన్నా" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆటకే ఇంత ఏడుపా అని మందలించి స్విచ్ కట్టేశాను. ఆ వారంలోనే నా ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. చదువుల ఏడాది మధ్యలో సంబల్‌పూర్. మార్చిదాకా గడువు అడిగే అవకాశం ఉంది. అడగలేదు. ముందు చేరితే ముందు సీనియారిటీ అని లెక్క వేశాను. ఆ లెక్క తప్పు కాదు. దానివల్లే ఈ ఇల్లు కట్టాం, దానివల్లే తన ఇంజనీరింగు ఫీజు కట్టాం. మా అమ్మాయికి ఈ మాట చెబితే, "అది నాకు తెలుసు నాన్నా, నేను ర్యాంకులు ఇచ్చింది లోకాలకు, నీకు కాదు" అంది.

విజయదశమినాడు, రైలుకి రెండు గంటలుందనగా, యంత్రం మళ్ళీ ముందు పెట్టింది. నీటి లోకం. సుత్తితో బండ పగలగొట్టి పడవెక్కాం. ఒక్కొక్క దీవి ఆగి ఆగి చూశాం. నేను ముందుకు పదమనలేదు. అక్కడే ఆట దాచి, యంత్రం మా టీవీ పక్కనే వదిలి వెళ్ళింది. సంక్రాంతికి వచ్చేదాకా ముట్టుకోవద్దంది. ముట్టుకోలేదు.

నా జాబితా మాత్రం సవరించాను. నీటి లోకాన్ని ఏడునుంచి నాలుగుకు తెచ్చాను. మూడుకు తెమ్మని ఫోనులో బేరమాడుతోంది. ఆ చేప ఉన్నంతకాలం నావల్ల కాదని చెప్పేశాను.