బంతిపూల దారిలో తాతయ్య

‘తాతయ్య మళ్లీ ఎప్పుడొస్తాడు?’

గోడమీది ఫొటో వంక చూస్తూ పిల్లలు అడిగితే ఏం చెప్తాం? ‘దేవుడి దగ్గరికెళ్లాడు’ అని మాట మార్చేస్తాం. మెక్సికోలో మాత్రం తేదీతో సహా చెబుతారు... ‘నవంబరు 2న వస్తాడు’ అని!

‘కోకో’ కార్టూన్ సినిమా చూసినవాళ్లకి ఈ పండగ తెలిసే ఉంటుంది. 2017లో పిక్సర్ తీసిన ఈ సినిమాలో పన్నెండేళ్ల మిగెల్ బంతిపూల వంతెన దాటి చనిపోయినవాళ్ల లోకానికి వెళ్తాడు. వంతెన కల్పనే కానీ పూలదారి నిజం. పండగకి వీధి నుంచి ఇంట్లో పెద్దల ఫొటోలు పెట్టిన పీఠం దాకా బంతిరేకులు పరుస్తారు. ఆ రంగూ వాసనా పట్టుకుని పెద్దలు ఇల్లు చేరతారని నమ్మకం. పీఠం మీద కొవ్వొత్తులు, తీపి రొట్టె, వాళ్లకిష్టమైన వంటకాలు... అంతదూరం నుంచి వచ్చారు కదా, దాహమేస్తుందని గ్లాసుడు మంచినీళ్లు కూడా! నవంబరు 1 చనిపోయిన పిల్లల కోసం, 2 పెద్దల కోసం.

ఆ సందడి చూడాలంటే మిచోకాన్ రాష్ట్రంలోని పాట్స్‌క్వారో సరస్సుకి వెళ్లాలి. సరస్సు మధ్యలోని హనిట్సియో దీవికి నవంబరు 1 రాత్రి జనం పడవల్లో తరలివస్తారు. సమాధుల్ని పూలతో అలంకరించి, కొవ్వొత్తుల వెలుగులో తెల్లవార్లూ జాగారం చేస్తారు. సినిమాలోని ఆ లోకం ఎలా ఉంటుందో చూడాలనుకుంటే మాత్రం గ్వానహువాతో వెళ్లాల్సిందే. ఒకప్పటి వెండిగనుల పట్నం అది. కొండవాలున ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే రంగురంగుల ఇళ్లే చిత్రకారులకు స్ఫూర్తి.

ఇంతకీ కోకో ఎవరు? మిగెల్ ముత్తవ్వ. అన్నీ మర్చిపోతున్న ముసలామె. బతికున్నవాళ్లలో తలచుకునేవాళ్లే లేకపోతే పైలోకంలో ఉన్నవాళ్లు పూర్తిగా మాయమైపోతారు. కోకో తండ్రి హెక్టర్ పరిస్థితి అదే. మునిమనవడు గిటార్ మీటుతూ నాన్న పాట పాడగానే ఆమె గొంతు కలుపుతుంది. మరుసటి ఏడాదికి పీఠం మీద ఆమె ఫొటో కూడా చేరుతుంది. పెద్దవాళ్లకీ కళ్లు చెమర్చేది అక్కడే.

అన్నట్టు, మనం దండలు గుచ్చే బంతి పుట్టిందీ మెక్సికోలోనే. మనకీ పెద్దల అమావాస్య ఉంది. తెలంగాణలో పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మనీ పేరుస్తారు. పెద్దల పేరున స్వయంపాకం ఇచ్చేస్తాం. కానీ వాళ్ల కబుర్లు పిల్లలకి చెబుతున్నామా? ఈసారి ఆ ఫొటోని గోడమీంచి దించి, పిల్లల చేతే తుడిపించండి. ‘మీ తాతయ్య ఏం చేసేవాడంటే...’ అని మొదలుపెట్టండి.

తాతయ్య ఎప్పుడొస్తాడన్న ప్రశ్నకి అంతకన్నా మంచి జవాబేముంది?