లేహ్‌లో మొదటి రెండు రోజులు

మీలో కొందరు ఈ వేసవిలో లడఖ్ ప్రయాణానికి సిద్ధమవుతూ ఉండవచ్చు. వెళ్ళండి. డెబ్బయి దాటిన వయసులో నేను, నా శ్రీమతి లేహ్ పట్టణంలో తొమ్మిది రోజులు గడిపి వచ్చాము. అయితే విమానం టికెట్టు కొనే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

వీపున సంచి తగిలించుకొని వారాల తరబడి తిరిగే యువతీయువకులకు లేహ్ ఇష్టమైన మజిలీ. చాంగ్‌స్పా వీథి పొడవునా చిన్న అతిథిగృహాలు, వాటి పెరళ్ళలో ఆప్రికాట్ చెట్లు, పక్కనే మంచు కరిగి పారే పిల్లకాలువలు. పలకరింపుకూ, కృతజ్ఞతకూ, వీడ్కోలుకూ అక్కడ ‘జూలే’ అనే ఒక్క మాట చాలు. ఎవరిలోనూ తొందర కనిపించదు. కొత్తవారు దానిని బద్ధకమనుకోవచ్చు. వైద్యుని కంటికి అది ఆ ఎత్తుకు తగిన నడక.

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడ కూడా 21 శాతమే. తగ్గేది వాయుపీడనం. సముద్రతీరంలో ఉండే పీడనంలో అక్కడ ఉండేది మూడింట రెండు వంతులు మాత్రమే. అందువలన ప్రతి శ్వాసలోనూ మనకు అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. శరీరం శ్వాసవేగాన్ని, గుండెవేగాన్ని పెంచుకొంటుంది. వేగంగా శ్వాసిస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దానిని మూత్రపిండాలు సరిదిద్దాలి. ఢిల్లీ నుండి విమానం గంటన్నర లోపే లేహ్ చేరుస్తుంది. మూత్రపిండాల పనికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది.

మా అతిథిగృహంలో విజయవాడ నుండి వచ్చిన ఒక యువకుడు ఉండేవాడు. దిగిన సాయంత్రమే శాంతిస్తూపం మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. మరునాడు ఉదయం తల పట్టుకొని కూర్చున్నాడు. నిద్ర లేదు, వికారం, ముద్ద దిగడం లేదు. “గ్యాస్ అయి ఉంటుంది డాక్టరుగారూ, మాత్ర ఉంటే ఇవ్వండి. పది గంటలకు ఖర్దుంగ్ లాకు బయలుదేరాలి” అన్నాడు. ఆ కనుమ ఎత్తు సుమారు 5,350 మీటర్లు.

మడమకు వేలు ఆనించి సరళరేఖలో నడవమన్నాను. తూలకుండా నడిచాడు. కూర్చున్నప్పుడు ఆయాసం లేదు, దగ్గు లేదు. ఇది అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ తొలిదశ. తగ్గేవరకు పైకి వెళ్ళకూడదని చెప్పాను. “మావాళ్ళంతా వెళ్తున్నారండీ, డబ్బు కూడా కట్టేశాను” అన్నాడు. “డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు బాబూ” అన్నాను. మిత్రులు వెళ్ళిపోయారు. అతడు ముఖం ముడుచుకొని రోజంతా చెట్టు కింద పడుకున్నాడు. రెండవనాటికి తలనొప్పి తగ్గి, ఆకలి పుట్టింది.

యౌవనం, దేహదారుఢ్యం ఈ రుగ్మతకు అడ్డు కావు. 1962 యుద్ధకాలంలో మన సైనికులను హఠాత్తుగా హిమాలయాల ఎత్తులకు తరలించవలసి వచ్చింది. సైనికవైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులలో ఈ వ్యాధిని పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం నేటికీ వైద్యులకు ప్రామాణికమే. ఆ రోగులందరూ కసరత్తు చేసిన సైనికులే.

విమానంలో వెళ్ళేవారు మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. ఆ తరువాత రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకుండా ఉండడం మేలు. ఎసిటజోలమైడ్ మాత్రలు ముందుజాగ్రత్తగా ఉపకరిస్తాయి. అయితే వైద్యుని సలహా లేకుండా వాడకండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ప్రయాణం నిశ్చయించుకొనే ముందే పరీక్ష చేయించుకోవాలి.

కదలకుండా ఉన్నా ఆయాసం, దగ్గులో గులాబిరంగు నురగ కనబడితే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అర్థం. నడకలో తూలు, మాటలో తికమక మెదడు వాపునకు గుర్తులు. ఇవి గంటలలో ప్రాణం తీయగలవు. తెల్లవారనిద్దామని ఆగకండి. వెంటనే ప్రాణవాయువు ఇప్పించి, ఆసుపత్రికి చేర్చి, వీలైనంత త్వరగా కిందికి దింపాలి.

సెలవు ఆరు రోజులే దొరికితే చూడవలసిన వాటి జాబితాను నాలుగు రోజులకు కుదించుకోండి. మిగిలిన రెండు రోజులు మీ మూత్రపిండాలవి.