నిలకడ

మా బళ్ళారిలో నాటకం వాసన తగలని పాత తెలుగు కుటుంబం అరుదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారూ, వారి మేనల్లుడు రాఘవగారూ పగలు కోర్టులో వాదించి, రాత్రి రంగస్థలమెక్కిన ఊరిది. రాఘవగారు 1946లో గతించినా, వారి పేరిట కళామందిరం మా మధ్య నిలిచి ఉన్నది. అందుచేత ఒక సంగతి మావారికి వేరే చెప్పనక్కరలేదు. రిహార్సలులో కంచుగంటలాగా పద్యం పాడినవాడు, తెర లేచేసరికి గొంతు పెగలక నిలబడిపోవడం కద్దు. అతనికి పద్యం రాదని ఎవరూ అనరు. నిలకడ చాలలేదంటారు.

ఆటల్లోనూ ఇదే తంతు. ముఖ్యంగా టేబుల్ టెన్నిస్‌లో.

మా మనవరాలికి పధ్నాలుగేళ్ళు. తెల్లవారి చల్లపూట బల్ల దగ్గర దాని ఆట చూస్తే ముచ్చట వేస్తుంది. తనకంటె పెద్దపిల్లలను అవలీలగా ఓడిస్తుంది. పోటీనాడు పేరు పిలిచేసరికి వేరే పిల్ల అయిపోతుంది. పోయిన యేడు వరుసగా మూడు పోటీలలో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. మూడోసారి బస్సులో తిరిగివస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "తాతా, నాకు ఆట వచ్చు. గెలవడం రాదు. ఇంక మానేస్తాను" అన్నది.

వాళ్ళమ్మ, పదో తరగతి దగ్గరికి వస్తున్నది గనుక మానితే మంచిదే అన్నది. వాళ్ళ నాన్న ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆట పోతే పోనీండి. 'నాకు గెలవడం రాదు' అన్న మాట ఆ వయసులో మనసులో పాతుకుపోతే, రేపు పరీక్ష హాలులోకీ, ఎల్లుండి ఉద్యోగంలోకీ అది వెంట రాదా? మానదలుచుకుంటే మానవచ్చును గాని, ఆ మాట నిజమో కాదో తేలిన తరువాత మానవలెనని నా పట్టు. "ఇంకొక్క నాలుగు నెలలు చూద్దామమ్మా" అన్నాను. సరేనన్నది.

నేను జీవితమంతా జమాఖర్చులు వ్రాసి బ్రతికినవాణ్ణి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఒక నోటుబుక్కు కొని, అది ఆడినప్పుడల్లా పక్కన కూర్చుని, పోయిన ప్రతి పాయింటునూ నాలుగు పద్దుల కింద వ్రాయడం మొదలుపెట్టాను. నెట్టుకు తగిలినవి, బల్ల దాటిపోయినవి, సర్వీసు చెడి పోయినవి, అవతలివాళ్ళు నిజంగా కొట్టి గెలుచుకున్నవి. నెల తిరిగి కూడితే, అన్నిటికంటె చిన్నది నాలుగో పద్దు! ఇంకొక విచిత్రం కూడా కనిపించింది. పోయిన పాయింట్లు విడివిడిగా పోలేదు. గుంపులు గుంపులుగా పోయాయి. ఒక తేలిక బంతి పాడైతే, ఆ ఉక్రోషంలో గబగబా బంతి తీసుకుని సర్వీసు చేసేది. రెండోదీ పోయేది. దాని వెనుకనే మూడోదీ, నాలుగోదీ. అంతా ఒక్క నిమిషంలో అయిపోయేది.

పూర్వం గేముకు 21 పాయింట్లుండేవి. ఒకసారి నాలుగైదు పాయింట్లు జారినా కూడదీసుకొనే వ్యవధి ఉండేది. 2001లో దానిని 11కు తగ్గించారు. ఇప్పుడు వరుసగా నాలుగు పోతే గేములో మూడోవంతుకు పైగా పోయినట్టే. కాబట్టి ఈ కాలపు పిల్లలకు మా కాలంవాళ్ళకంటె నిలకడ ఎక్కువ కావలసి వచ్చింది.

అయితే ఈ లెక్కలోనే ధైర్యం కూడా ఉన్నది. 11–9తో గేము గెలిచినవాడు తొమ్మిది పాయింట్లు ఓడినవాడే. 9–11తో ఓడినవాడికి రెండంటే రెండు పాయింట్లు అటునుంచి ఇటు వచ్చి ఉంటే, ఆ గేము అతనిదే. నిలకడ అంటే ఒక్క బంతీ తప్పకపోవడం కాదు. తప్పినది తప్పిన చోటనే వదిలి, గేముకు రెండు పాయింట్లు మిగుల్చుకోవడం. మా పిల్లకు నోటుబుక్కు చూపించి ఈ మాట చెప్పాను. "రెండేనా తాతా?" అని కళ్ళు పెద్దవి చేసింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తప్పకూడదనే పట్టుదలతో అది బంతిని మెల్లగా అవతలికి నెట్టడం తప్ప మరేమీ చేయడం మానేసింది. అప్పుడు దానికి 1936 నాటి కథ చెప్పవలసి వచ్చింది. ఆ సంవత్సరం ప్రేగ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో పోలండు ఆటగాడు ఎర్లిక్, రుమేనియా ఆటగాడు పానెత్ ఇద్దరూ కొట్టకుండా బంతిని నెట్టుకుంటూ పోతే, మొదటి పాయింటు తేలడానికి రెండు గంటలు దాటింది! అటువంటి ఆటకు కళ్ళెం వేయడానికి తరువాత నిబంధనలే మారాయి. నేడు గేము పది నిమిషాలు దాటి, ఇద్దరివీ కలిపి 18 పాయింట్లయినా కాకపోతే, ఆపైన సర్వీసు తీసుకొనేవారు 13 సార్లు బంతిని సరిగా తిప్పికొడితే పాయింటు వారిదే. భయంతో నెట్టడం నిలకడ కాదు. పది బంతుల్లో ఎనిమిది బల్లమీద పడే దెబ్బ ఏదో తెలుసుకొని, దానిని వెరవకుండా కొట్టడమే నిలకడ. ఆ పిల్ల బలమంతా పెట్టి కొడితే అయిదు పడేవి. కొంచెం బలం తగ్గించి, బంతికి తిప్పుడు పెంచితే ఎనిమిది పడ్డాయి.

తక్కినవన్నీ చిన్న చిన్న అలవాట్లే. సర్వీసుకు ముందు బంతిని బల్లమీద రెండుసార్లు తట్టి, ఒక ఊపిరి నిదానంగా వదలడం. దెబ్బ కొట్టగానే చూస్తూ నిలబడక, చిన్న అడుగులతో మళ్ళీ చోటికి రావడం. ప్రతి ఆరు పాయింట్లకూ తువ్వాలుతో తుడుచుకొనే వ్యవధి నిబంధనలోనే ఉన్నది. చెమట లేకున్నా దానిని వాడుకోవడం. ఎండాకాలంలో మా ఊళ్ళో చెమట లేకపోవడమన్న ప్రశ్నే లేదనుకోండి! బంతి బరువు 2.7 గ్రాములు. గాలికి కదులుతుందని పంకా ఆపితే, హాలు పెనమై కూర్చుంటుంది.

అన్నిటికంటె పనికివచ్చింది మాత్రం నాటకాలవారి పద్ధతి. వేషం వేసి, దీపాలు పెట్టి, నలుగురిని కూర్చోబెట్టి రిహార్సలు చేస్తారు కదా? అలాగే వారానికొకనాడు దాని ఆట 9–9 దగ్గరనుంచే మొదలుపెట్టించాను. ఇంటిల్లిపాదినీ, ఇరుగుపొరుగు పిల్లలనూ చుట్టూ కూర్చోబెట్టాను. కొందరు తెలుగులో, కొందరు కన్నడంలో కేకలు పెట్టారు. మొదట్లో దాని చెయ్యి వణికింది. నాలుగో వారానికి వణుకు ఉన్నా, ఊపిరి వదలడం మరువలేదు.

పెద్దవాళ్ళకు వణుకు ఉండదనుకుంటే పొరపాటు. ఆచంట శరత్ కమల్ మద్రాసులో పుట్టిన తెలుగువాడు. తండ్రి శ్రీనివాసరావుగారూ, ఆయన సోదరుడు మురళీధరరావుగారూ ఆట నేర్పారు. 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్తు క్రీడలలో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. మళ్ళీ అదే స్వర్ణం పదహారేళ్ళకు, 2022లో బర్మింగ్‌హామ్‌లో, నలభయ్యో యేట గెలిచాడు. ఆ ఫైనలులో మొదటి గేము 11–13తో పోగొట్టుకొని, తరువాతి నాలుగూ వరుసగా గెలిచాడు. ఆ క్రీడలలోనే హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ సింగిల్స్ కాంస్యం కోసం ఆడి, 3–4 గేముల తేడాతో ఓడింది. అంత దగ్గరగా వచ్చి చేజారితే ఎవరికైనా మనసు కుదుటపడదు. కాని శరత్‌తో కలిసి మిశ్రమ డబుల్స్‌లో నిలబడి స్వర్ణం తెచ్చింది. ఓటమి ఆమెనూ తాకింది. తరువాతి బంతిదాకా దానిని మోసుకురాలేదు, అంతే.

నాలుగు నెలలైన తరువాత జరిగిన పోటీలో మా పిల్ల ఒక రౌండు దాటింది. రెండో రౌండులో ఓడింది. అయిదో గేము 9–11. బస్సెక్కగానే నా చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని తనే పద్దులు కూడింది. సర్వీసు పద్దు ఖాళీ! "నాలుగో పద్దు పెరిగింది తాతా, ఆ పిల్ల నిజంగానే బాగా ఆడింది" అన్నది. మానేసే మాట ఆనాడు రాలేదు, ఇప్పటికీ రాలేదు. పదో తరగతి పుస్తకాలూ, బ్యాటూ ఒకే సంచిలో పోతున్నాయి.

పిల్లలు ఆడే ఇళ్ళవారికి నాదొక మనవి. పోటీనుంచి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే "గెలిచావా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు సగం జవాబు అవతలి ఆటగాడి చేతిలో ఉన్నది. మంచినీళ్ళిచ్చి, కాసేపటికి "ఒక పాయింటు పోయిన తరువాత ఏం చేశావమ్మా?" అని అడగండి. దానికి జవాబు మొత్తం మన బిడ్డ చేతిలోనే ఉన్నది.