ఎనిమిది దీపాలు

పెళ్ళికి వెళ్ళి భోజనాల హాల్లో పంక్తిలో కూర్చున్నప్పుడు ఎదురుగా గోడకు టీవీ కనిపిస్తుంది. పైన మండపంలో జీలకర్రా బెల్లం పెడుతుంటే, మీరు కింద పప్పూ అన్నం కలుపుకుంటూనే చూస్తారు. ఆ బొమ్మ అక్కడికి ఎలా వచ్చిందని ఎప్పుడైనా అనుకున్నారా? అనుకోకపోయినా తప్పు లేదు. బొమ్మ సరిగా వచ్చినంతకాలం ఎవరూ అనుకోరు. రాకపోతేనే మావంటివాళ్ళు గుర్తుకొస్తారు.

మైకుసెట్లు, టీవీలు బిగించడం నా పని. ఆ పనిలో ఒక చిన్న భాగం గురించి మీకు చెబుతాను. అందులో నేను చాలాకాలం తెలియకుండా చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచి పని గురించి మాత్రమే చెబితే మీకు సగమే చెప్పినట్టవుతుంది.

కెమెరా నుంచి గానీ కంప్యూటరు నుంచి గానీ టీవీకి బొమ్మనూ ధ్వనినీ కలిపి తీసుకుపోయే తీగను హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ అంటారు. దీని మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. మీ ఇంట్లో సెట్ టాప్ బాక్సు వెనక ఉండేది ఇదే. ఒక గదిలో దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. కాని మామూలు రాగి కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మను నమ్మకంగా మోయలేదు. ఎందుకో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడండి. టీవీ తెర మీద అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. వీటన్నిటినీ గుణించండి. సెకనుకు దాదాపు 299 కోట్ల బిట్లు వస్తాయి. ఇంత వేగంగా పోయే సంకేతం దూరం పెరిగేకొద్దీ త్వరగా నీరసించిపోతుంది.

అందుకని రెండు చిన్న పెట్టెలు వాడతాం. వీటిని ఎక్స్‌టెండర్ అంటారు. ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. మధ్యలో కంప్యూటర్ల నెట్‌వర్క్‌కు వాడే కేబుల్. ఈ కేబుల్ చవక, సన్నం, గోడల్లోంచి లాగడం తేలిక. మనకు కావలసినంత కోసుకుని ప్లగ్గు మనమే బిగించుకోవచ్చు. ఈ పద్ధతుల్లో పేరున్నది హెచ్‌డీబేస్‌టీ. ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ అనే సంస్థలు కలిసి 2010లో దీనికోసం కూటమి కట్టాయి. బొమ్మ, ధ్వని, నెట్‌వర్క్, రిమోటు సంకేతాలు, కొంత కరెంటు, అన్నీ ఒకే కేబుల్ మీద 100 మీటర్ల దాకా పోతాయి. ఇంకా చౌకరకాలు కూడా బజారులో ఉన్నాయి. వాటి దూరం తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. కేబుల్ నెట్‌వర్క్‌దే అయినా దానిమీద పోయేది చాలాసార్లు నెట్‌వర్క్ భాష కాదు. కనుక ఆ పెట్టెలను కంప్యూటర్లు కలిపే స్విచ్చికి తగిలించకూడదు. కేబుల్ మీద కరెంటు పంపే రకమైతే స్విచ్చి పాడైనా పాడవుతుంది. నెట్‌వర్క్ ద్వారానే నడిచే రకం వేరే ఉంది. పెట్టెతో వచ్చిన కాగితం చదివితే తెలుస్తుంది. మావాళ్ళలో ఆ కాగితం చదివేవాళ్ళు తక్కువ. నేనూ చదివేవాణ్ణి కాను.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. ఎలక్ట్రికల్ షాపులో మూర పొడుగు నెట్‌వర్క్ కేబుల్ ముక్క అడగండి. పైతోలు మెల్లగా చీల్చండి. లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. అవి విడివిడిగా ఉండవు, రెండు రెండుగా పురి పెట్టి ఉంటాయి. నారింజతో తెల్లచారల నారింజ, ఆకుపచ్చతో తెల్లచారల ఆకుపచ్చ, అలాగే నీలం, గోధుమ. నాలుగు జంటలు. కొంచెం పరిశీలనగా చూస్తే ఇంకోటి కనబడుతుంది. నాలుగు జంటల పురీ ఒకేలా ఉండదు. ఒకటి దగ్గర దగ్గరగా, మరొకటి కాస్త ఎడంగా ఉంటుంది. తీగ కొసను కత్తితో గీకి కూడా చూడండి. లోపల తెల్లగా కనబడితే అది అల్యూమినియం మీద రాగిపూత పూసినది. ఈ పనికి పనికిరాదు. దుకాణదారుతో మొహమాటపడకుండా అసలు రాగిదే అడగండి.

ఆ పురి దేనికి? అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే టెలిఫోన్ తీగలకు ఈ ఉపాయం మీద పేటెంటు పొందాడు. జంటలో ఒక తీగ మీద సంకేతం పోతే, రెండో తీగ మీద దానికి సరిగ్గా వ్యతిరేకమైనది పోతుంది. అవతలి పెట్టె రెండింటి తేడాను మాత్రమే చూస్తుంది. దారిలో ఫ్యాను తీగ నుంచో, పక్క జంట నుంచో వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడితే, తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది. సమానంగా పడాలంటే రెండూ ఒకదానికొకటి చుట్టుకుని ఉండాలి. ఒకసారి ఇది అలజడికి దగ్గరైతే మరోసారి అది దగ్గరవుతుంది. జంటలన్నిటికీ పురి వేరువేరుగా పెట్టిందీ ఒకదాని మాట మరొకదానికి వినబడకుండా ఉండడానికే.

ఈ సంగతి నాకు తెలియదు. పురి అంటే తీగలు చిక్కు పడకుండా పెట్టారనుకున్నాను. ప్లగ్గు బిగించడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చూసి నేర్చుకున్నాను, అదీ దూరం నుంచి. ప్లగ్గులో ఎనిమిది కాళ్ళున్నాయి, తీగలు ఎనిమిదున్నాయి. నారింజ పక్కన నారింజ, ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నీలం, గోధుమ పక్కన గోధుమ. ఎంత చక్కటి వరస! రెండు కొసల్లోనూ అదే పెట్టేవాణ్ణి. తరవాత టెస్టర్ తగిలించేవాణ్ణి. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలిగేవి. అన్నీ వెలిగితే ఇంకేం కావాలి?

2019 మాఘమాసంలో తణుకులో ఒక పెళ్ళికి పిలిచారు. మండపం మేడ మీద, భోజనాలు కింద. లిఫ్టు లేదు. పెళ్ళికూతురి అమ్మమ్మగారికి తుంటి విరిగి నెలయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆమెను మెట్లెక్కించడానికి డాక్టరు ఒప్పుకోలేదట. "ఏమండీ, మా అమ్మ కోసమే ఈ టీవీ. తాళి కట్టేటప్పుడు ఆగిపోకూడదు" అని పెళ్ళికూతురి తల్లి నాతో రెండుసార్లు చెప్పింది. నేను ధీమాగా తల ఊపాను.

కేబుల్ 42 మీటర్లు పట్టింది. పెట్టె మీద 60 మీటర్లని రాసి ఉంది. ప్లగ్గులు బిగించాను. దీపాలు ఎనిమిదీ వెలిగాయి. టీవీ పెట్టాను. బొమ్మ వచ్చింది, అయిదు క్షణాలు నిలిచింది, తెర నల్లబడింది. మళ్ళీ వచ్చింది, తెల్ల చుక్కలు మెరిశాయి, ధ్వని గరగరలాడింది, మళ్ళీ పోయింది.

అప్పుడు నేను చేయని పని లేదు. పెట్టెలు రెండూ పక్కపక్కన పెట్టి, కొన్న పొట్టి కేబుల్‌తో కలిపితే బాగానే ఉంది. అంటే పెట్టెలు మంచివే. కాని పెట్టెకు అంత దూరం పంపే బలం లేదని తీర్మానించి, ఇంకో జత తెప్పించాను. అదే తంతు. కరెంటు తీగల పక్కనుంచి పోయిందని కేబుల్‌ను విడదీసి దూరంగా కట్టాం. కాస్త నయం, అంతే. నాతో వచ్చిన కుర్రాడు కేబుల్ లాగేటప్పుడు తొక్కి ఉంటాడని అందరి ముందూ వాణ్ణి తిట్టాను. వాడు ఏమీ అనలేదు. ముహూర్తానికి రెండు గంటలుంది. అమ్మమ్మగారు అప్పటికే టీవీకి ఎదురుగా వచ్చి కూర్చుని, నల్లటి తెరను చూస్తూ ఉన్నారు.

ఆ కుర్రాడు అంతకుముందు ఏడాది కంప్యూటర్ల నెట్‌వర్క్ పనిచేశాడు. ప్లగ్గు తీసి ట్యూబులైటు కేసి పట్టి చూశాడు. "బాబాయ్, ఆకుపచ్చ పక్కనే ఆకుపచ్చ పెట్టారేంటి?" అన్నాడు. "మరెక్కడ పెడతార్రా?" అన్నాను. వాడు నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాడు.

మీరూ కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది అంకెలు వరసగా వేసుకోండి. ఒకటీ రెండూ ఒక జంట. ఏడూ ఎనిమిదీ ఒక జంట. ఇంతవరకూ నా వరస సరే. కాని మధ్యలో నాలుగూ అయిదూ ఒక జంట, వాటికి అటూ ఇటూ ఉన్న మూడూ ఆరూ ఒక జంట! టెలిఫోను ప్లగ్గుల్లో మొదటి లైను నట్టనడుమ కాళ్ళకు, రెండో లైను దాని రెండు పక్కలా ఇచ్చేవారు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. అందుచేత సరైన వరస ఇదీ. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. దీన్ని బి వరస అంటారు. నారింజకూ ఆకుపచ్చకూ చోట్లు మార్చితే ఎ వరస. ఏదైనా ఫరవాలేదు, రెండు కొసల్లోనూ ఒకటే ఉండాలి.

నా వరసలో మూడో కాలికి తెల్ల ఆకుపచ్చ, ఆరో కాలికి నీలం వెళ్ళాయి. పెట్టె ఆ రెండింటినీ జంట అనుకుంటుంది. కేబుల్ లోపల మాత్రం తెల్ల ఆకుపచ్చ చుట్టుకున్నది ఆకుపచ్చను. నీలం చుట్టుకున్నది తెల్ల నీలాన్ని. నాలుగు జంటల్లో రెండు జంటలు ఇలా విడిపోయాయి. వాటికి అలజడిని కొట్టివేసే శక్తి పోవడమే కాదు, ఒకదాని సంకేతం మరొకదాన్ని పాడుచేస్తుంది. మా టెస్టర్ ఈ కొసన ఉన్న తీగ ఆ కొసకు చేరిందా అని మాత్రమే అడుగుతుంది. ఎవరు ఎవరితో చుట్టుకుని వెళ్ళారని అడగదు. అది కనిపెట్టే ఖరీదైన పరికరాలున్నాయి కాని, మావంటివాళ్ళ సంచిలో ఉండవు.

రెండు ప్లగ్గులూ కోసి కొత్తవి బిగించాం. ఈసారి పురిని అరంగుళం కంటే ఎక్కువ విప్పవద్దని వాడు చెబితే విన్నాను. బొమ్మ నిలిచింది. తాళి కట్టినప్పుడు నేను కిందే ఉన్నాను. అమ్మమ్మగారు అక్షింతలు టీవీ మీదికి విసిరారు. కొన్ని అందుకునే పెట్టె మీద పడ్డాయి. వాటిని దులపలేదు.

తెల్లవారి వ్యానులో కుర్రాడికి టీ ఇప్పించి, తిట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. ఇంటికి వచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. అంతకు రెండేళ్ళ ముందు ఒక బడిలో ప్రార్థన హాలు ప్రొజెక్టరుకు ఇలాగే కేబుల్ లాగాను. బొమ్మ నిలవలేదు. "పెట్టె పాడైంది మేడమ్" అని పెద్దమ్మగారితో చెప్పి, 6,500 రూపాయలు పెట్టి ఇంకా బలమైనది కొనిపించాను. తల్లిదండ్రులు చందాలు వేసి ఇచ్చిన డబ్బు. బలమైన పెట్టె కనుక తప్పుడు కేబుల్ మీద కూడా ఎలాగో నడిచింది. నడిచింది కాబట్టి నా మాటే నిజమని నేనూ నమ్మాను, వాళ్ళూ నమ్మారు.

వారం తరవాత క్రింపింగ్ టూల్ పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ప్లగ్గు వెలుతురులో పెట్టి చూస్తే ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చే. రెండు కొసలూ మార్చి, బీరువాలో పడేసిన పాత పెట్టెలు తెప్పించి తగిలించాను. బొమ్మ కదలకుండా నిలిచింది. మేడమ్‌గారు కాసేపు తెరను చూసి, "ఇవి పాడయ్యాయన్నారు కదా?" అన్నారు.

"పెట్టెలు పాడవలేదమ్మా. నేను బిగించిందే తప్పు."

ఆమె కోప్పడలేదు. చందాల పుస్తకం తెప్పించి, జరిగింది నా చేత అందులో రాయించి సంతకం పెట్టించారు. కోప్పడితేనే బాగుండేదనిపించింది. ఆ డబ్బు రెండు నెలల్లో రెండుసార్లుగా కట్టాను. బలమైన పెట్టెలను వాళ్ళు ఏడో తరగతి గదిలో పెట్టుకున్నారు.

తరవాత నా పాత లెక్కల పుస్తకాలు తీసి, నా వరసతో ఎక్కడెక్కడ బిగించానో చూసుకున్నాను. పదకొండు చోట్లు తేలాయి. తొమ్మిది చోట్లకు వెళ్ళి మార్చి వచ్చాను. డబ్బు అడగలేదు. ఒకచోట దుకాణం మూతపడింది. మిగిలిన ఒక్కచోట ప్లగ్గును గోడలో పెట్టి సిమెంటు పూసేశారు. ఆ ఇంటాయన, "బొమ్మ వస్తోంది కదా, ఇప్పుడెందుకు గోడ పగలగొట్టడం?" అన్నాడు. రంగులు వేయించేటప్పుడు కబురు చేస్తానన్నాడు. ఆయన ఫోను నంబరు కుర్రాడి దగ్గర కూడా రాసి ఉంచాను.