మందు కొడతన్నారు, మూతి మూసుకో!

గన్నవరం నుంచి హైదరాబాద్ విమానం. నా పక్క సీట్లో కారంపూడి వైపు మిర్చి రైతు, విమానం ఎక్కడం మొదటిసారట. తలుపులు వేశారో లేదో, నెత్తి మీద సందుల్లోంచి తెల్లగా పొగలు దిగడం మొదలైంది. పెద్దాయన చటుక్కున కండువా తీసి ముక్కుకి అడ్డం కట్టేసుకుని, నన్ను మోచేత్తో పొడిచాడు. "మందు కొడతన్నారు, మూతి మూసుకో అబ్బాయ్!"

పొలంలో పురుగుమందు కొట్టేటప్పుడు మాత్రం ఆ కండువా తలకే ఉంటుంది. పల్నాట్లో ఎవరిని చూసినా దాదాపు అంతే.

"పొగ కాదు బాబాయ్, మంచు. ఈ ఉక్కపోత గాలికి ఏసీ చల్లగాలి తగిలితే అందులోని తేమ సన్నటి తుంపరలై ఇలా కనపడుద్ది. తేమ తగ్గితే అదే పోద్ది" అన్నాను. నమ్మలేదు. అటుగా వచ్చిన ఎయిర్ హోస్టెస్‌నే అడిగాడు, "ఏం మందమ్మా ఇది?" అని. ఆ పిల్లకి తెలుగు రాదు. నవ్వి, మంచినీళ్లిచ్చి వెళ్లింది. దాంతో ఆయన అనుమానం ఖాయమైపోయింది.

నిజానికి మరీ తీసిపారేసే మాటేం కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లే విమానాల్లో దోమలూ పురుగులూ తమ దేశంలోకి రాకుండా మందు కొట్టించే పద్ధతి ఉంది. ఆ సంగతి చెప్పగానే కండువా కిందికి దించి, పూర్తిగా నా వైపు తిరిగాడు. 2021లో నల్లతామర పురుగు పడి తోటంతా పోగొట్టుకున్న మనిషి మరి.

"అయితే వాళ్లు కొట్టేది ఏం మందో కనుక్కో అబ్బాయ్. మన నల్లతామరకి పనిచేసిద్దేమో!"